వియన్నా నుంచి మార్లవాయికి

ఉట్నూరు ఏజెన్సీలో పంతులుగా పనిచేసిన రోజుల్లో పిల్లలకు ప్రపంచ పటం చూపిస్తూ ఒక గీత గీసేవాణ్ని: వియన్నా నుంచి జైనూరు మండలం మార్లవాయి దాకా. ఆ గీతకు ఒక కొసన హిట్లర్, మరో కొసన కుమురం భీం.

1938 మార్చిలో జర్మనీ సైన్యం ఆస్ట్రియాలో దిగింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ కూర్చున్నచోటే జర్మనీ పౌరుడైపోయాడు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టుతో. అంటే బ్రిటిష్ వారికి శత్రు దేశస్థుడు. అదే ఏడాది పట్టుబడ్డ మరో ఆస్ట్రియన్, పర్వతారోహకుడు హైన్రిక్ హారర్‌ను డెహ్రాడూన్ శిబిరంలో పెట్టారు. హైమన్‌డార్ఫ్‌కు ముళ్లకంచె తప్పింది. నిజాం రాజ్యం ఎల్లలు దాటొద్దన్నారు, అంతే. ఆ కట్టడిలోనే ఆయన చెంచులను, కొండరెడ్లను, ఆ తర్వాత గోండులను చదివాడు.

మన కొండల్లో మాత్రం నిజాం సర్కారు వేరే నిర్ణయం తీసుకుంది. పోడు భూమికి పట్టాలియ్యండి, అడవి మీద మా హక్కు ఒప్పుకోండి అని అడిగిన గోండు నాయకుడు భీంకు 1940లో జోడేఘాట్‌లో తూటాలే జవాబు.

తూటాతో భీం ఒరిగాడు గాని, ఆయన అడిగిన ప్రశ్న ఒరగలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం సర్కారుకు పడింది. ఆ పని హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1940లు ముగిసేలోగా ఆదిలాబాద్ ఆదివాసులకు సుమారు లక్షా అరవై వేల ఎకరాలకు పట్టాలందాయి.

హైమన్‌డార్ఫ్‌ను మనవాళ్లు దేవుడిలా కొలుస్తారు. కొలవాల్సినవాడే. కానీ ఆయన రాసిచ్చిన నివేదికల్లో ఉన్నది భీం అడిగిందే. గోండు నోట వచ్చినప్పుడు తిరుగుబాటైన మాట, పండితుడి కలం నుంచి వచ్చాక సలహా అయింది.

1987 జనవరి 11న కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలనూ 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఆ సమాధులు చూడటానికి రండి. వచ్చే ముందు ఒకసారి జోడేఘాట్ ఎక్కి రండి.