తిరిగినవాడు, తిరిగి వెళ్ళినవాళ్ళు

‘తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు’ అని మనకొక సామెత ఉంది. తిరగడమనే ఒక్క క్రియ నుంచే మన భాషలో తిరుగుబాటూ వచ్చింది, తిరుగుబోతూ వచ్చింది. తిరుగుబోతన్న మాట మగవాడికి తగిలితే కొన్నాళ్ళకి రాలిపోతుంది. ఆడదానికి తగిలితే ఆమె పోయాక కూడా ఊళ్ళో మిగిలే ఉంటుంది. 1961 వసంతంలో పారిస్‌లో జరిగిన ఒక ప్రసిద్ధ సంఘటనని ఈ సామెత పక్కన పెట్టి చదవాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఆ మే నెలలో లెనిన్‌గ్రాద్ నుంచి కీరోవ్ బాలే బృందం పారిస్ వచ్చింది. ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు. విదేశాలకి వెళ్ళే సోవియట్ కళాకారుల వెంట నిఘావాళ్ళు కూడా వెళ్ళేవాళ్ళు. అందరూ కలిసి బస్సెక్కాలి, కలిసి దిగాలి, అక్కడివాళ్ళతో చనువు పెంచుకోకూడదు. 23 ఏళ్ళ రుడాల్ఫ్ నురేయెవ్ ఇవేవీ లెక్కచేయలేదు. పారిస్ ఆపెరా నర్తకులు క్లేర్ మోత్, పియేర్ లకోత్ ఆయనకి స్నేహితులయ్యారు. చిలీలో పుట్టి పారిస్‌లో ఉంటున్న క్లారా సెయింట్ అనే అమ్మాయి కూడా ఆ గుంపులో చేరింది. ఆమెకి అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటాయంతే. వాళ్ళతో కలిసి ఆయన లూవ్ర్ మ్యూజియం చూశాడు, సేన్ నది ఒడ్డున నడిచాడు, రాత్రి పొద్దుపోయాక హోటలుకి చేరేవాడు. అలా తిరుగుతున్న రోజుల్లోనే, మే 23న, క్లారా పెళ్ళాడాలనుకున్న వేన్సాన్ మాల్రో కారు ప్రమాదంలో చనిపోయాడు. మంత్రి ఆంద్రే మాల్రో కొడుకతను. అంటే నురేయెవ్‌కి ఊరు చూపించిన అమ్మాయి అప్పుడు దుఃఖంలో ఉంది. ఈ మాట చాలా కథనాల్లో ఒక వాక్యం దాటదు.

జూన్ 16న బృందమంతా లండన్‌కి బయల్దేరింది. విమానాశ్రయంలో నురేయెవ్‌కి మాత్రం మాస్కోకి వెళ్ళాలని చెప్పారు. దాని అర్థం ఆయనకి తెలుసు. మిత్రులు ఫోన్ చేస్తే క్లారా పరుగున వచ్చింది. నేరుగా విమానాశ్రయ పోలీసుల దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. మేం వెళ్ళి తీసుకురాకూడదు, ఆయనే మా దగ్గరికి రావాలన్నారు వాళ్ళు. వీడ్కోలు చెబుతున్నట్టుగా దగ్గరికెళ్ళి, ఆ మాట ఆయన చెవిలో వేసింది. ఆయన కొన్ని అడుగులు నడిచి పోలీసుల దగ్గరికి చేరాడు.

ప్రపంచం దాన్ని ‘స్వేచ్ఛలోకి దూకడం’ అంది. ఒక మగవాడి వీరగాథకి దూకడమే తగిన క్రియ. నియమం కనుక్కోవడం, దారి చెప్పడం, భయపడుతూనే నవ్వు నటించడం వీరగాథలో పట్టవు. అందుకే క్లారాని పత్రికలు ప్రేయసిని చేశాయి. స్నేహితురాలు చేసింది రాజకీయమైన పని అని ఒప్పుకోవడం కంటే ప్రేమకథ రాయడం తేలిక కదా. 2018లో వచ్చిన ‘ది వైట్ క్రో’ సినిమాలో క్లారా పాత్ర ఉంది. అయినా కథ ఆయనదే.

మరి తిరిగి వెళ్ళినవాళ్ళు? ఆ పర్యటనలో ఆయనతో కలిసి ‘స్వాన్ లేక్’ ఆడిన అల్లా ఒసిపెంకోని ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పశ్చిమ దేశాలకి పంపలేదు. తిరిగింది ఆయన, కాళ్ళకి సంకెల పడింది ఆమెకి. కొడుకు దేశద్రోహి అనిపించుకోవడంతో తల్లి ఫరీదా నురేయెవ్ ఎన్నో ఏళ్ళు ఆ బరువు మోసింది. 1987లో ఆయన్ని ఉఫా నగరానికి రానిచ్చేసరికి ఆమె మరణానికి దగ్గరగా ఉంది. నేను నురేయెవ్‌ని తప్పుపట్టడం లేదు. ఆయన స్వేచ్ఛ న్యాయమైనదే. దాని మూల్యం ఎవరెవరి పేర చెల్లయిందో కూడా చరిత్రలో రాయమంటున్నాను.

ఆ వసంతంలో పారిస్ ప్రేక్షకులు ఆయన్ని మొదట చూసింది ‘లా బయాడేర్’లో. ఆ మాటకి దేవదాసి అనే అర్థం. భారతదేశపు గుడి నర్తకి కథతో 1877లో రష్యాలో తయారైన బాలే అది. నిజమైన గుడి నర్తకులు అంతకు ముందే పారిస్ వెళ్ళారు. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి అమ్మణి, మరో నలుగురు ఒక ఫ్రెంచి వ్యాపారి వెంట వెళ్ళి అక్కడి రంగస్థలం మీద ఆడారు. వాళ్ళు బస చేసిన వీధి పేరు ‘వితంతువుల వీధి’. వాళ్ళని చూడడానికి నగరమే ఆ ఇంటికి వచ్చింది. రచయిత తెయోఫీల్ గోతియే కూడా చూసి వాళ్ళ ఒంటిరంగు నుంచి నగల దాకా వర్ణించాడు. అమ్మణి కళ్ళతో చూసిన పారిస్‌ని మాత్రం ఎవరూ ఆమెని అడిగి రాసుకోలేదు. పర్యటనకి వెళ్ళిన స్త్రీ ఊరు చూసేది కాదు, ఊరు చూసేది.

ఇదంతా పరాయి దేశపు పాత కథ అనుకోవడానికి నాకు మనసొప్పదు. నేను పిహెచ్.డి. చేసిన చోట లైబ్రరీ అర్ధరాత్రి దాకా తెరిచి ఉండేది. ఆడపిల్లల హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదికే మూసేవాళ్ళు. ఆ మూడు గంటల చదువు మగపిల్లలది. గేటు లోపల మా గదుల్లో ఒకరి నోట్సు ఒకరం చదివి వినిపించుకుంటూ నెట్టుకొచ్చాం. ఏ సిద్ధాంత గ్రంథం మీదా ఆ స్నేహితురాళ్ళు సహరచయితలుగా కనిపించరు.

స్వేచ్ఛ ఒక్కరే దూకి అందుకునే వస్తువులా చరిత్ర మనకి చెబుతూ వచ్చింది. పారిస్‌లో అది కొన్ని వారాల పాటు నలుగురూ కలిసి తిరగడంలో తయారైంది. ఆఖరి రోజున ఒక అమ్మాయి ధైర్యంగా అడిగిన ప్రశ్నతో అందింది. తిరగడం మనకీ హక్కేనని అడుగుతున్నప్పుడు మన పక్కన నడిచిన వాళ్ళ పేర్లు కూడా రాసుకుందాం. లేకపోతే మన చరిత్రలోనూ దూకినవాళ్ళే మిగులుతారు.