తెలుగు టైటాన్స్: తొలి నాలుగు సీజన్లు (2014–2016)

తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీ లీగ్ తొలి ఎనిమిది జట్లలో ఒకటి. 2014 జూన్ 2న తెలుగు రాష్ట్రం రెండైంది. జులై 26న ముంబైలో లీగ్ మొదలైంది. మధ్యలో ఎనిమిది వారాలైనా నిండలేదు. జట్టు తొలినాళ్లను అర్థం చేసుకోవడానికి గెలుపోటముల పట్టిక కన్నా ఈ రెండు తేదీలే ఎక్కువ పనికొస్తాయి. తక్కినవి జైపూర్, పాట్నా, బెంగళూరు అంటూ ఊరి పేరో, బెంగాల్ అంటూ ప్రాంతం పేరో పెట్టుకుంటే ఇది మాత్రం భాష పేరు పెట్టుకుంది. మరుసటి ఏడాది వచ్చిన యూబీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో మన వైపు జట్టు హైదరాబాద్ స్కై. అక్కడ ఊరి పేరే చాలింది. కబడ్డీకి చాలలేదు, ఎందుకంటే చెడుగుడు ఏ ఒక్క నగరానిదీ కాదు. (పేరులో రెండో సగం గ్రీకు పురాణాలది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.)

పేరుకు తగ్గట్టే సొంతగడ్డ కూడా ఒకచోట నిలవలేదు. మొదటి సీజన్ విశాఖలో, రెండోది హైదరాబాద్ గచ్చిబౌలిలో, 2016లో జరిగిన మూడోది మళ్లీ విశాఖలో, నాలుగోది మళ్లీ గచ్చిబౌలిలో. గిద్దలూరు లాంటి చిన్న ఊరి నుంచి చూస్తే రెండూ దూరమే. అయినా హద్దులు మారడం ఇక్కడ కొత్త కాదు: 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోవే. జిల్లా మారినా మాట మారని ఇలాంటి ఊళ్లకు భాష మీద పెట్టిన ఆ జట్టు పేరు పరాయిగా అనిపించదు. మట్టి మీద గీతలు గీసుకుని కూతకు వెళ్లిన ఆటే టీవీలో 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్ మీదికెక్కింది. కూతకు 30 సెకన్లు. వరసగా రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొస్తే, మూడోసారి పాయింటైనా తేవాలి, లేదా అవుటైనా కావాలి.

పేరు తెలుగుదైతే ఆటగాళ్లెవరు, అన్న ఆక్షేపణ న్యాయమైనదే. తొలి సారథి రాజగురు సుబ్రమణియన్ తమిళుడు. జట్టుకు ముఖమైపోయిన రైడర్ రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. కానీ వేలంతో కూర్చిన లీగ్‌లో ఇది అందరి సంగతీ: యూ ముంబా అప్పటి సారథి అనూప్ కుమార్ హర్యానావాడు. ప్రశ్న ఆటగాడి పుట్టుక గురించి కాదు, ఈల వేసే ప్రేక్షకుడు జట్టును ఏమని పిలుస్తాడన్నదే. ఇదంతా వ్యాపారమే కదా అని ఇంకొందరంటారు. నిజమే, రెండు రాష్ట్రాల ప్రేక్షకులను ఒకే జట్టుతో పట్టుకోవడం లాభసాటి. అయితే ఆ లెక్క భాష మీద వేసుకున్నారంటేనే భాషకు ఆ బలం ఉన్నట్టు. 2017లో తమిళ్ తలైవాస్ వచ్చినప్పుడు చెన్నై పేరు కాక తమిళం పేరే పెట్టుకున్నారు.

ఆట విషయానికొస్తే, మొదటి సీజన్‌లో అయిదో స్థానం. 2015లో సెమీఫైనల్ దాకా వెళ్లి బెంగళూరు బుల్స్ చేతిలో 38–39తో, ఒక్క పాయింటు తేడాతో ఓడి, మూడో స్థానంతో సరిపెట్టుకుంది. నాలుగో సీజన్‌లో రాహుల్ 146 రైడ్ పాయింట్లతో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. జట్టు మాత్రం మళ్లీ సెమీస్‌లోనే ఆగింది. 2016 జులై 31న ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. టైటాన్స్ సొంత మైదానంలో ఆడింది మాత్రం పాట్నా, జైపూర్.