వాచిన కాలికి కట్టు

కృష్ణపట్నంలో కాలివాపు పాత సంగతి. తూర్పున సముద్రం, ఊరి పక్కన కండలేరు ఉప్పుటేరు, దాన్ని దాటుకుంటూ బకింగ్‌హాం కాలువ, వాటి ఒడ్డున ఉప్పుమళ్ళు. 2008లో కొత్త ఓడరేవు మొదలై ఊరి రూపు మారింది గానీ, అంతకు ముందు తరాలన్నీ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి పనిచేసినవే. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఆ కాలువను 1876-78 నాటి కరువులో కూలీల చేత తవ్వించి పొడిగించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. గాలి పడిపోతే పడవవాళ్ళు గట్టున దిగి, తాడు భుజాన వేసుకుని, మైళ్ళ కొద్దీ లాక్కుంటూ నడిచేవాళ్ళు. ఆ కాళ్ళ గురించి ఏ గెజిటీరులోనూ నాకు కనబడలేదు. ఈ వ్యాసం ఆ కాళ్ళ కోసం రాస్తున్నాను.

మా నాయన ఉప్పుమళ్ళలో పనిచేశాడు. చీకటితో లేచి పోయి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఉప్పు గుంజి కుప్పలు పోసేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే చీలమండ దగ్గర వేలితో నొక్కినచోట గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. అమ్మది వేరే వాపు. బోదకాలు. ముందు గజ్జల్లో బిళ్ళ కట్టేది, తర్వాత వణుకుతూ చలిజ్వరం వచ్చేది. అమావాస్యకూ పున్నానికీ వస్తుందని ఇంట్లో లెక్క పెట్టుకునేవాళ్ళు. జ్వరం తగ్గేది గానీ కాలు మాత్రం మునుపటంత సన్నబడేది కాదు. అమ్మ చీర కుచ్చిళ్ళు నేలకు తాకేటట్టు కట్టుకునేది. పెళ్ళిళ్ళకు పిలిస్తే మమ్మల్ని పంపించి తాను ఇంట్లోనే ఉండేది. ఆ కాలు నొప్పి కంటే ఆ కాలును దాచుకోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టిందని నాకు పెద్దయ్యాక తెలిసింది.

రాత్రిపూట లాంతరు పట్టుకుని వచ్చి, నిద్రలేపి, వేలికి సూది గుచ్చి నెత్తురు చుక్క తీసుకుపోయే ఆరోగ్యశాఖ వాళ్ళు నాకు బాగా గుర్తు. పగలు ఎందుకు రారని అవ్వ విసుక్కునేది. బోదకాలు పురుగు పిల్లలు మన తీరంలో రాత్రిళ్ళే నెత్తురులోకి వస్తాయి, పగలు లోపలి అవయవాల్లో దాక్కుంటాయి. నెత్తురులో వాటిని 1872లో కలకత్తాలో టిమతీ లూయిస్ చూశాడు. దోమ కడుపులో అవి పెరుగుతాయని 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. మురికినీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. 1955లో మన ప్రభుత్వం జాతీయ ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. మా ఇంటి గడపలోకి వచ్చిన ఆ లాంతరు వెనక ఇంత చరిత్ర ఉంది.

మందు కనిపెట్టింది మనవాడి ప్రయోగశాలలోనే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా చేరాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఈ జబ్బు పట్టుకుంది. అప్పుడు లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధక బృందం 1947లో డైఇథైల్ కార్బమజీన్‌ను, అంటే డీఈసీని వెలుగులోకి తెచ్చింది. మరుసటి ఏడే ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశాడు. తర్వాత ఆ మందును వంట ఉప్పులో కలిపి చైనాలో ఊరూరా పంచారు. 2007లో ఆ దేశం ఫైలేరియాను తుడిచిపెట్టిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. మన దేశంలో కారైకాల్‌లో కూడా 1980లలో డీఈసీ ఉప్పు వాడి చూశారు. ఉప్పు పండించిన ఇంటి బిడ్డను కాబట్టి ఈ సంగతి చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. మా నాయన గుంజిన ఉప్పు అమ్మ కాలికి మందై ఉండవచ్చు కదా అనిపించింది.

అయితే డీఈసీ నెత్తురులోని పురుగుల్ని చంపుతుంది గానీ వాచిపోయిన కాలును వెనక్కి తీసుకురాదు. అందుకు కట్టు కావాలి. అమ్మ పాత నూలుచీర చించి, పిక్క చుట్టూ బిగించి ముడి వేసేది. బిగువంతా పిక్క మీదే ఉండటంతో సాయంత్రానికి దాని కింద పాదం ఇంకా ఉబ్బేది. ఎక్కడ బిగించాలి, ఎంత బిగించాలి అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలికట్టు చరిత్రంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది.

సుశ్రుత సంహిత పద్నాలుగు రకాల కట్లు చెప్పి, బిగువును గాఢం, సమం, శిథిలం అని మూడుగా విడగొట్టింది. తొడకు గాఢం, కాళ్ళూ చేతులకు సమం, కీళ్ళ దగ్గర శిథిలం. పిత్తం చేసిన గాయాలకు ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు కట్టు మార్చమంది. ఒళ్ళు ఒకటే అయినా ఒక్కోచోట ఒక్కో బిగువు ఉండాలనీ, ఋతువును బట్టి కట్టు మారాలనీ మన పెద్దలు అప్పుడే గుర్తించారు. బోదకాలును శ్లీపదం అన్న పేరుతో వర్ణించిందీ ఆ గ్రంథమే.

రబ్బరు దారం వచ్చాక కట్టు మేజోడు అయింది. 1848లో ఇంగ్లండులో విలియం బ్రౌన్ సాగే మేజోళ్ళకు పేటెంటు తీసుకున్నాడు. సాగడమైతే సాగేవి గానీ ఎక్కడ ఎంత బిగువుండాలో వాటికి తెలియదు. సిరల్లో నెత్తురు గడ్డకట్టడానికి మూడు కారణాలను జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో చెబుతారు: నెత్తురు నిలిచిపోవడం, సిర గోడ దెబ్బతినడం, నెత్తురే చిక్కబడే గుణం తెచ్చుకోవడం. మొదటిదే తీసుకుంటే, మనిషి కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసానికి చేరుతుంది. నడిస్తే పిక్క కండ నెత్తురును పైకి తోసి, ఆ ఒత్తిడిని మూడో వంతుకు దించుతుంది. మా నాయన కాలు ఎందుకు గుంట పడేదో ఈ లెక్క చెబుతుంది.

అసలు మలుపు అమెరికాలోని టొలెడోలో వచ్చింది. కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరుకు కాలి సిరల జబ్బు, మానని పుండ్లు ఉండేవి. ఈతకొలనులో నిలబడితే ఆయనకు నొప్పి తగ్గేది. నీళ్ళ ఒత్తిడి అడుగున ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. ఆ తేడానే గుడ్డలో నేయించి, 1950 ప్రాంతంలో చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండే మేజోళ్ళు చేశాడు. 1975లో పరిశోధకులు మంచంలో ఉన్న రోగికి చీలమండ దగ్గర 18, తొడ పైభాగాన 8 మిల్లీమీటర్ల ఒత్తిడి సరిపోతుందని అంకె కూడా చెప్పారు. ఆసుపత్రిలో వేసే తెల్ల మేజోళ్ళు ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

అవే నా కాలికీ వచ్చాయి. బడిలో నల్లబల్ల ముందు నిలబడి ఉద్యోగం ముగించిన నా కుడి మోకాలు అరిగిపోయి, దాన్ని మార్పించుకున్నాను. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు ఏనుగుదంతంతో చేసిన మోకాలు చీముపట్టి విఫలమైంది. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం లోహం, ప్లాస్టిక్‌తో చేసిన మోకాలు నిలిచింది. మన దేశంలో 2017 ఆగస్టులో ప్రభుత్వం ఎక్కువమంది వాడే కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయల పరిమితి పెట్టాక నాలాంటి పింఛనుదారులకు ధైర్యం వచ్చింది. ఈ ఆపరేషనులో తొడకు పట్టీ బిగించి నెత్తురు ఆపుతారు, ఎముక కోస్తారు, తర్వాత కొన్నాళ్ళు కదలిక తగ్గుతుంది. విర్కో పేరుతో చెప్పే మూడు కారణాలూ ఒకేచోట కలుస్తాయి. అందుకే నెత్తురును పలచన చేసే మందులు, పాదం పైకీ కిందికీ ఆడించే వ్యాయామం, తొందరగా నడిపించడం, వాటితోపాటు మేజోళ్ళు.

మా తీరంలో ఎండాకాలం వీటిని తొడగడం తేలిక కాదు. ఉప్పుగాలికి ఒళ్ళంతా జిగట. పొద్దున మంచం దిగకముందే, వాపు ఎక్కకముందే తొడగాలి. మేజోడును మడమ దాకా తిరగేసి, పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మడమ సరిగ్గా కూర్చున్నాక పైకి లాగాలి. కవరును వేళ్ళ దగ్గరి రంధ్రంలోంచి తీసేస్తారు. గోళ్ళు తగిలి దారం తెగకుండా నా కోడలు గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటుంది. "అత్తా, ముడత పడింది, కాలు చాపు" అంటుంది. ఆ ముడత చిన్నది కాదు. పైఅంచు మడతపడితే అక్కడే బిగిసి అమ్మ ముడిలాగే పని చేస్తుంది. రోజుకొకసారి విప్పి చర్మం చూసుకోవాలి. నూనె రాసి తొడిగితే సాగే గుణం పోతుంది. చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. ఒక జత ఆరేలోపు ఇంకో జత ఉండాలి. పక్కింటామె "ఏమక్కా, ఈ ఎండల్లో ఆ టైటు సాక్సులేందక్కా?" అని అడిగితే కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమెకు షుగరు. పాదంలో నాడి అందని షుగరు రోగులు డాక్టరు చూడకుండా వీటిని తొడగకూడదని గట్టిగా చెప్పాను.

వైద్యం ఇంకా నేర్చుకుంటూనే ఉంది. నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్న శస్త్రచికిత్స రోగులకు మేజోళ్ళు కలిపినందువల్ల కనబడే అదనపు లాభం లేదని 2020లో బ్రిటన్‌లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. కాబట్టి ఎవరికి వేయాలి, ఎన్నాళ్ళు వేయాలి అన్నది డాక్టరు చూసి చెప్పాలి. నా వాపుకు మాత్రం అవి సాయం చేశాయి.

ఆసుపత్రిలో ఒకమ్మాయి టేపు పెట్టి నా చీలమండ, పిక్క, తొడ కొలిచింది. ఎవరూ ముఖం తిప్పుకోలేదు, నేనూ దాచుకోలేదు. మా అమ్మ కాలును ఆమె బతికుండగా ఎవరూ కొలవలేదు. 2004 నుంచి ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏటా మాత్రలు మింగించి ఫైలేరియా వ్యాప్తిని తగ్గిస్తున్నారు. అది గొప్ప పని. కానీ వాచిన కాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. సబ్బుతో కడిగి తుడుచుకోవడం, కాలు ఎత్తిపెట్టుకోవడం, కొలిచి కట్టిన కట్టు, వీటితో ఆ కాలు తేలికపడుతుందని కాసరగోడ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ ఆయుర్వేదాన్నీ యోగానూ కూడా కలుపుకుని చూపిస్తోంది. మోకాలు మార్చుకున్నవాళ్ళకు అందే కొలతటేపు, కట్టు, ఓపిక బోదకాలు ఉన్న ప్రతి ఆడమనిషికీ తన ఊరి ఆరోగ్య కేంద్రంలోనే అందాలి. మళ్ళల్లో నిలబడి ఈ తీరాన్ని మోసిన కాళ్ళకు మనం అంత బాకీ ఉన్నాం.