డెన్వర్ స్టేషన్‌లో ఒక అరెస్టు

1956 సెప్టెంబర్ 9. షికాగో రైలు వచ్చి డెన్వర్ యూనియన్ స్టేషన్‌లో ఆగింది. దిగినవాళ్లలో ఒకతను చేతిలో జిప్పు సంచితో గబగబా బయటికి నడుస్తున్నాడు. మాదకద్రవ్యాల విభాగం ఏజెంటు మార్ష్, వెంట ఉన్న పోలీసు అధికారి కలిసి అతన్ని అక్కడే అరెస్టు చేశారు. రెయిన్‌కోటు జేబులో గుప్పిట బిగించి పట్టుకున్న రెండు కవర్లలో హెరాయిన్ దొరికింది. సంచిలో సిరంజి ఉంది. అధికారుల దగ్గర వారంటు మాత్రం లేదు.

రెండు రోజుల ముందు ఒక ఇన్ఫార్మర్ మార్ష్‌కు ఉప్పందించాడు. డబ్బు తీసుకుని ఆరు నెలలుగా ఆ విభాగానికి సమాచారం ఇస్తున్న మనిషి, అంతవరకూ అతని మాట తప్పింది లేదు. డ్రేపర్ అనేవాడు షికాగో వెళ్లాడనీ, మూడు ఔన్సుల హెరాయిన్‌తో 8నో 9నో ఉదయం రైల్లో తిరిగొస్తాడనీ చెప్పాడు. మనిషి పోలికలు, వేసుకునే బట్టలు, చేతిలో ఉండే సంచి, చివరికి వడివడిగా నడిచే అలవాటు కూడా చెప్పాడు. అతనికి ఇవన్నీ ఎలా తెలుసు? కోర్టులో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేకపోయారు. అరెస్టు జరిగిన నాలుగు రోజులకే అతను చనిపోయాడు.

1959 జనవరి 26న అమెరికా సుప్రీంకోర్టు 6-1 మెజారిటీతో ఈ అరెస్టు చట్టబద్ధమేనని తేల్చింది. ఇన్ఫార్మర్ చెప్పిన ప్రతి వివరాన్నీ మార్ష్ కళ్లారా సరిచూసుకున్నాడు, మిగిలింది హెరాయిన్ ఒక్కటే, అదీ నిజమై ఉంటుందని నమ్మడం సబబే అని జస్టిస్ విట్టేకర్ రాశారు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. మార్ష్ సరిచూసుకున్నది ఏమిటి? కోటు, సంచి, నడక. వీటిలో నేరం ఏదీ లేదు. ఒక మనిషి ఏ రైల్లో వస్తాడో అతని ఇరుగుపొరుగుకూ తెలుస్తుంది, కిట్టనివాడికీ తెలుస్తుంది. అసలు ఆరోపణకు ఆధారం ఇన్ఫార్మర్ నోటిమాట ఒక్కటే. ఏకైక భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ డగ్లస్ బాధ అదే. సోదాలో ఏం దొరికిందన్నది అరెస్టుకు సమర్థన కాకూడదని ఆయన గట్టిగా వాదించారు. పైగా రెండు రోజుల వ్యవధి ఉంది. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లడానికి అది చాలు. పోలీసు నమ్మకాన్ని పోలీసు కాని మరొకరు తూచి చూడాలనే కదా 1791లో నాలుగో రాజ్యాంగ సవరణ తెచ్చుకున్నది!

ఆ తర్వాత పరిస్థితి ఇంకా బిగిసింది. ఇన్ఫార్మర్ బతికే ఉన్నా, అరెస్టుకు కారణం ఉందా లేదా తేల్చే విచారణలో అతని పేరు బయటపెట్టక్కర్లేదని 1967లో మెక్‌క్రే కేసులో 5-4తో తీర్పొచ్చింది. పేరు బయటపడితే అతని ప్రాణానికి ముప్పన్న మాట కాదనలేం. కానీ నిందితుడి లాయరు అడగాల్సిన మొదటి ప్రశ్నే మూగబోయింది.

2000లో ఫ్లోరిడా కేసులో మాత్రం కోర్టు ఏకగ్రీవంగా మరో మాట చెప్పింది. పేరు చెప్పని ఫోను ఒకటి వస్తే, అందులో మనిషి ఆనవాళ్లు సరిపోయినంత మాత్రాన చాలదు, నేరం గురించి చెప్పిన మాట నమ్మదగ్గదై ఉండాలి అంది. అప్పటికి నలభై ఏళ్ల కిందట డగ్లస్‌ను కలవరపెట్టిన సంగతి ఇంచుమించు ఇదే. అయితే అది అజ్ఞాత సమాచారానికే పరిమితం. పోలీసులకు పరిచయమున్న ఇన్ఫార్మర్ విషయంలో డ్రేపర్ తీర్పును ఇప్పటిదాకా ఎవరూ కొట్టివేయలేదు. నా దృష్టిలో అది తప్పుడు తీర్పు.