స్టెప్పర్ మోటారు కరెంటు ద్వారా టార్క్ అంచనా

స్టెప్పర్ మోటారుకు అందే విద్యుత్తును కొలిచి, దాని ఇరుసుపై పనిచేస్తున్న టార్క్‌ను (బల భ్రామకాన్ని) లెక్కగట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వీటికి విడిగా టార్క్ సెన్సార్ అవసరం లేదు. అయితే సాధారణ డీసీ మోటారులో వలె స్టెప్పర్ మోటారులో కరెంటు పరిమాణం ఒక్కటే భారాన్ని తెలియజేయదు.

నేపథ్యం

ఎక్కువగా వాడుకలో ఉన్న హైబ్రిడ్ స్టెప్పర్ మోటారులో రోటరుకు 50 పళ్ళు, స్టేటరుకు రెండు ఫేజుల తీగచుట్టలు ఉంటాయి. ఇది ఒక్కొక్క అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున 200 అడుగులలో ఒక చుట్టు పూర్తిచేస్తుంది. త్రీడీ ప్రింటర్లు, చిన్న సీఎన్‌సీ యంత్రాలలో సాధారణంగా రోటరు స్థానాన్ని కొలవకుండానే దీనిని నడుపుతారు. భారం ఎక్కువై మోటారు అడుగులు తప్పినా ఆ సంగతి నియంత్రణ వ్యవస్థకు తెలియదు. తరువాత జరిగే పని అంతా పక్కకు జరిగి వస్తువు పాడవుతుంది. అందువలన భారాన్ని ముందుగా పసిగట్టడం ముఖ్యం.

కరెంటు, టార్క్‌ల సంబంధం

బ్రష్‌లు గల డీసీ మోటారులో టార్క్ కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. స్టెప్పర్ మోటారును నడిపే చాపర్ డ్రైవరు మాత్రం ఫేజు కరెంటును ముందుగా నిర్ణయించిన విలువ వద్దనే నిలుపుతుంది. భారం ఉన్నా లేకున్నా ఆ విలువ మారదు. మారేది భార కోణం, అనగా స్టేటరు అయస్కాంత క్షేత్రానికి రోటరు వెనుకబడే కోణం.

టార్క్ = గరిష్ఠ టార్క్ × సైన్ (భార కోణం)

ఇక్కడ కోణాన్ని విద్యుత్ డిగ్రీలలో లెక్కిస్తారు. 90 విద్యుత్ డిగ్రీలు ఇరుసుపై 1.8 డిగ్రీలకు, అంటే ఒక పూర్తి అడుగుకు సమానం. భార కోణం 30 డిగ్రీలైతే గరిష్ఠ టార్క్‌లో సగం వినియోగమవుతున్నట్లు. 90 డిగ్రీలు దాటితే టార్క్ తగ్గుతూ వచ్చి రోటరు అడుగులు తప్పుతుంది. ఇనుప భాగాలు అయస్కాంత సంతృప్తతను చేరనంత వరకు గరిష్ఠ టార్క్ దాదాపుగా కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది.

అంచనా పద్ధతులు

సరఫరా సామర్థ్యం: ఫేజు కరెంటు మారకపోయినా, డ్రైవరు విద్యుత్ సరఫరా నుండి తీసుకునే కరెంటు భారంతో పాటు పెరుగుతుంది. ఉదాహరణకు 24 వోల్టుల సరఫరాతో నిమిషానికి 300 చుట్లు తిరిగే మోటారు భారం లేనపుడు 0.60 ఆంపియర్లు, భారంతో 0.75 ఆంపియర్లు తీసుకున్నదనుకుంటే, అదనపు సామర్థ్యం 24 × 0.15 = 3.6 వాట్లు. కోణీయ వేగం సెకనుకు 31.4 రేడియన్లు కనుక భారపు టార్క్ సుమారు 3.6 ÷ 31.4 = 0.115 న్యూటన్ మీటర్లు. రెండు సందర్భాలలోను ఉష్ణ నష్టాలు సమానమని ఈ లెక్క భావిస్తుంది.

వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం: తిరిగే రోటరు తీగచుట్టలలో వోల్టేజిని ప్రేరేపిస్తుంది. భారం లేనపుడు ఈ వోల్టేజికి, కరెంటుకు మధ్య దశాభేదం దాదాపు 90 డిగ్రీలు. భారం పెరిగే కొలదీ అది తగ్గుతుంది. జర్మనీకి చెందిన ట్రైనామిక్ సంస్థ రూపొందించిన స్టాల్‌గార్డ్ ఈ బలం ఆధారంగా పనిచేస్తుంది. త్రీడీ ప్రింటర్లలో స్విచ్చి లేకుండానే అక్షం చివరను గుర్తించడానికి దీనిని వాడుతారు.

క్షేత్రాధారిత నియంత్రణ: ఎన్‌కోడరుతో రోటరు స్థానాన్ని కొలిచి భార కోణాన్ని 90 డిగ్రీల వద్ద నిలిపితే, కరెంటు పరిమాణమే టార్క్‌ను సూచిస్తుంది.

పరిమితులు

* మోటారు ఆగి ఉన్నపుడు యాంత్రిక సామర్థ్యం, ప్రేరిత వోల్టేజి రెండూ సున్నా. కనుక మొదటి రెండు పద్ధతులు పనిచేయవు. అతి తక్కువ వేగంలో కూడా ఇవి నమ్మదగినవి కావు.
* ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే రాగి తీగ నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. అందువలన మోటారు వేడెక్కిన తరువాతే కొలతలు తీసుకోవాలి.
* అధిక వేగంలో ఫేజు కరెంటు నిర్ణీత విలువను చేరలేదు. అపుడు నష్టాలు మారి లెక్క తప్పుతుంది.
* అనునాదం, గేర్ల ఘర్షణ కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి.

క్రమాంకనం

ఇరుసుకు కప్పీ బిగించి, తెలిసిన బరువును స్థిర వేగంతో పైకి ఎత్తించి అంచనాను సరిచూడవచ్చు. 2 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల కప్పీపై 1 కిలోగ్రాము బరువు కలిగించే టార్క్ 9.81 × 0.02 = 0.196 న్యూటన్ మీటర్లు. వేర్వేరు బరువులతో, వేగాలతో కొలతలను పట్టికగా వ్రాసుకుంటే అదే మోటారుకు తరువాత ఉపయోగపడుతుంది.