స్వయంసర్దుబాటు సాఫ్ట్‌వేర్: పరీక్షలు, పోలికలు

నడుస్తుండగానే చుట్టూ పరిస్థితిని కొలిచి, తన తీరును తానే మార్చుకునే సాఫ్ట్‌వేర్‌ను స్వయంసర్దుబాటు సాఫ్ట్‌వేర్ అంటారు. దానికి దగ్గరి చుట్టం గోదావరిఖని ప్రాంతంలో భూమి కింద పనిచేస్తోంది.

అక్కడి బొగ్గు గనులను నడిపే సింగరేణి సంస్థ 1983లో జీడీకే-7 ఇంక్లైన్ గనిలో, పొడవాటి బొగ్గు గోడను కోసుకుంటూ పోయే లాంగ్‌వాల్ పద్ధతి మొదలుపెట్టింది. షియరర్ అనే కోత యంత్రం బొగ్గు పొరను కోసుకుంటూ పోతే, ఆ మేరకు పైకప్పును మోసే హైడ్రాలిక్ సపోర్టులు ముందుకు కదలాలి. ఒక్కోదాన్ని దించాలి, జరపాలి, మళ్లీ కప్పుకు బిగించాలి. అప్పట్లో ఆ పనంతా లీవర్లు పట్టిన కార్మికుడిదే. కప్పు విరుగుతున్న చప్పుడు విని ఎంత బిగించాలో అతనే తేల్చుకోవాలి.

2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ఫేస్, అంటే బొగ్గు కోసే గోడ, వెడల్పు 250 మీటర్లు. అక్కడ ప్రతి హైడ్రాలిక్ సపోర్టుకూ (షీల్డుకూ) ఒక ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. షియరర్ ఎక్కడుందో చూసుకుని షీల్డులు వరసగా జరుగుతాయి. షీల్డు కాళ్లలో ఒత్తిడి నిర్ణయించిన స్థాయి కంటే తగ్గితే యూనిట్ మళ్లీ ద్రవాన్ని పంపి బిగిస్తుంది. ఇక్కడ నియమం మారదు, నియమం ప్రకారం యంత్రం కదులుతుంది. కాబట్టి ఇది ఆటోమేషనే తప్ప స్వయంసర్దుబాటు కాదని కొందరు అనవచ్చు. ఆ అభ్యంతరం సబబే.

సాఫ్ట్‌వేర్ రంగంలో స్వయంసర్దుబాటు ఆలోచనకు ఊపు ఇచ్చింది 2001లో ఐబీఎం చేసిన అటానమిక్ కంప్యూటింగ్ ప్రకటన. గమనించు, విశ్లేషించు, పథకం వేయి, అమలుచెయ్యి అనే వలయాన్ని 2003లో కెఫార్ట్, చెస్ వివరించారు. 2006లో ఈ రంగానికే ప్రత్యేకమైన సీమ్స్ సదస్సులు మొదలయ్యాయి. అయితే చాలాకాలం ఎవరి పద్ధతిని వారు తమ సొంత ఉదాహరణ మీదే పరీక్షించుకున్నారు. అలాంటప్పుడు ఏది మేలో తేలదు. అందుకే ఉమ్మడి పరీక్షావేదికలు వచ్చాయి: రద్దీ పెరిగే వార్తల సైటును అనుకరించే జెడ్‌ఎన్‌ఎన్, 2015లో టెలీ అసిస్టెన్స్ వ్యవస్థ, 2017లో సెన్సర్ల నెట్‌వర్కు మీద కట్టిన డెల్టాఐఓటీ, 2018లో వెబ్ వ్యవస్థను అనుకరించే స్విమ్. కొలమానాల్లో కొన్ని నియంత్రణ శాస్త్రం నుంచి తెచ్చుకున్నవి: కుదుటపడే సమయం, హద్దు దాటిన మేర, వాడిన వనరులు.

గనిలో అలా ఉమ్మడి వేదిక మీద పోల్చే వెసులుబాటు లేదు. ఒకే కప్పు మీద రెండు పద్ధతులు నడిపి చూడలేం. ప్యానెల్, అంటే ఒక విడతగా తవ్వే బొగ్గు భాగం, మారితే లోతు మారుతుంది, పైనున్న ఇసుకరాయి మారుతుంది. ఆస్ట్రేలియాలో 2001లో మొదలైన ల్యాండ్‌మార్క్ ప్రాజెక్టు కొలవదగినదాన్ని ఎంచుకుంది: జడత్వ నావిగేషన్‌తో షియరర్ నడిచిన దారిని పట్టి, ఫేస్ ఎంత వంకర పోయిందో లెక్కగట్టింది. సూటిదనం కొలవగలం గనుక రెండు నియంత్రణ పద్ధతులను దాని మీద పోల్చవచ్చు. కప్పు బరువును మోయడంలో ఏది మేలన్నది మాత్రం ఇంకా కాళ్ల ఒత్తిడి రికార్డులను ప్యానెల్‌కు ప్యానెల్ చదివి అంచనా వేయాల్సిందే.