హల్లుల పుట్టుక

మా నిడదవోలు బడిలో ఒక పిల్లవానిని ‘చాప’ యనుమనుడు. నాలుక పంటి వెనుకకు పోవును. ‘చీమ’ యనుమనుడు, నాలుక అంగిలికి తగులును. అక్షర మొకటే, ధ్వనులు రెండు. ఈ భేదమును వానికెవరును బోధింపలేదు. తల్లి నోట విని పట్టుకొనెను. ఆ పిల్లవాడే ‘భారతము’ను ‘బారతము’ అన్నప్పుడు మనము నవ్వుదుము. ఆ నవ్వు న్యాయమేనా?

ఊపిరితిత్తుల నుండి వెలువడు గాలికి నోటిలో అడ్డు కలిగినపుడు హల్లు పుట్టును. అడ్డు కలుగు తావును స్థానమనియు, కలిగించు తీరును ప్రయత్నమనియు మన ప్రాచీన శిక్షాకారులు విభజించిరి. కంఠమున క, తాలువున చ, మూర్ధమున ట, దంతముల త, పెదవుల ప: వర్ణమాలలోని వర్గక్రమము నోటి లోపలి నుండి వెలుపలికి సాగు ప్రయాణమే. గొంతుపై వ్రేలుంచి చూడుడు. ‘బ’ పలుకునపుడు పెదవులు విడకమునుపే అదరు తెలియును. ‘ప’కు విడిన పిమ్మటనే. ‘భ’ పలుకునపుడు ఊపిరి మరింత వెలువడి అరచేతికి తగులును. విట్నీ పండితుడు 1862లో అథర్వవేద ప్రాతిశాఖ్యను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. అట్టి గ్రంథముల వలన పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులును లాభము పొందిరి.

అయితే ఆ పట్టిక సంస్కృతమును విని కూర్చినది. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని ఎల్లిస్ దొర 1816లోనే నిరూపించెను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున తెలుగునకు వర్ణములు 36 అని లెక్కించెను. వానిలో దంత్య చ జలు కలవు; ఖ, ఘ, భ మొదలగు మహాప్రాణములు లేవు. తెలుగు మాటలలో ఇ, ఎ, వాని దీర్ఘములతో కూడిన చ జలు తాలవ్యములనియు, తక్కిన అచ్చులతో కూడినవి దంత్యములనియు ఆయన నిర్ణయించెను. మన పిల్లవాని ‘చాప’యు ‘చీమ’యు ఆ నిర్ణయమునకు సరిపోవుచున్నవి. కావున ‘బారతము’ అనుట నోటి లోపము కాదు. తల్లిభాషలో లేని ధ్వనిని వాడింకను నేర్వకుండుట మాత్రమే.

గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను వారి నోటనే విని నేర్చిరి. వారు రచించిన ఆ భాషా వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. సవరభాషలో కంఠబిలమును తటాలున మూసి కలిగించు హల్లు కలదు. దానికి మన వర్ణమాలలో అక్షరము లేదు. అందుచేత సవరలు తప్పు పలుకుచున్నారందుమా?

భకారమును నేర్పవలదని నా మతము కాదు, తప్పక నేర్పవలెను. అరచేతిని నోటి యెదుట నుంచుకొమ్మని, ఊపిరి తగులు వరకు పలికించిన, ఏ యింటి పిల్లవాడైనను కొలది దినములలో నేర్చును. కులము పేరెత్తి వెక్కిరించిన నోరే తెరువడు, బడియే మానవచ్చును. శిక్షాకారులు ముందు చెవియొగ్గి విని, పిమ్మట వ్రాసిరి. మనమును మొదట వినుట నేర్చుకొందము.